మూడేళ్ల మీటింగులు, పదకొండు పేజీలు: కెనడా రిజర్వులో మంచినీళ్ల రూల్స్ రాసిన నా అనుభవం

మొన్న దసరాకి మా బావ ఫోన్ చేసి మాటల మధ్యలో "అసలు ఆడ నువ్వు చేసే పనేంది బామ్మర్దీ, మూడేండ్ల నుంచి ఎప్పుడు అడిగినా మీటింగు మీటింగు అంటవ్" అన్నాడు. నీళ్లకి రూల్స్ రాసే పని బావా అన్నాను. "కెనడాల నీళ్లకి రూల్స్ లేవా, మ్యాప్ తీస్తే సగం దేశం చెరువులే కనవడ్తయ్ గదా" అని ఒకటే నవ్వు. ఫోన్‌లో చెప్తే ఒడిసే కథ కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నా, పొడుగవుతుంది, ఓపికున్నోళ్లు చదవండి.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అంటే ఏంటో పుస్తకంలో చదవకముందే ఇంట్లో చూశా. మా నాయనమ్మ నడుం వంగిపోయి నేలవైపే చూస్తూ నడిచేది, ఎవరైనా పిలిస్తే తల ఎత్తడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మా నాన్న పళ్ల మీద గోధుమ రంగు చారలు. బోరు నీళ్లు మాత్రం బిందెలో పోస్తే అడుగు కనపడేంత తేటగా ఉండేవి. అలాంటి ఊర్లో పుట్టి హైదరాబాద్‌లో సివిల్ చదివి ఇక్కడ విన్నిపెగ్‌లో మాస్టర్స్ చేసి చివరికి ఒంటారియోలో థండర్ బేలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో నీళ్ల ప్లాంట్ల డిజైన్ ఉద్యోగంలో పడ్డా. చేరిన మొదటి రోజు మా సీనియర్ నా ఊరి పేరు విని "నల్గొండ అంటే నల్గొండ టెక్నిక్, ఆ నల్గొండేనా?" అన్నాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగపూర్ నీరి సంస్థ వాళ్లు కనిపెట్టారు, పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. సొంత ఊరి పేరు రోగం వల్ల దేశదేశాలకి తెలిసిందని సంతోషపడాలో ఏం చేయాలో తెలియక నవ్వి ఊరుకున్నా.

సరే, అసలు సంగతి. ఈ దేశంలో తాగునీళ్లు రాష్ట్రాల చేతిలో, అంటే ఇక్కడి మాటల్లో ప్రావిన్సుల చేతిలో ఉంటాయి. 2000 మే నెలలో ఒంటారియోలో వాకర్టన్ అనే చిన్న ఊర్లో బావి నీళ్లలోకి పేడ కలిసి ఈ-కోలై అనే క్రిమి వచ్చింది, ఏడుగురు చనిపోయారు, 2,300 మంది దాకా జబ్బు పడ్డారు, ఊరి జనాభానే ఐదు వేలు. జస్టిస్ ఓకానర్ విచారణ జరిగింది, 2002లో ఒంటారియో గట్టి చట్టం తెచ్చింది. ఆపరేటర్‌కి లైసెన్సు, రోజువారీ పరీక్షలు, ల్యాబు రిపోర్టు తేడా వస్తే వెంటనే ఫోన్ చేయాలి, దాస్తే శిక్ష, అన్నీ ఉన్నాయి అందులో. కానీ ఆ చట్టం రిజర్వు, అంటే ఆదివాసీలకి విడిగా పెట్టిన భూమి, సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఆదివాసీ రిజర్వులు 1867 రాజ్యాంగం ప్రకారం కేంద్రం కిందకి వస్తాయి, కేంద్రానికేమో తాగునీళ్ల చట్టమే లేదు. హెల్త్ కెనడా, అంటే కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ల గైడ్‌లైన్స్ ఉన్నాయి కానీ వాటి పేరులోనే ఉంది కదా, గైడ్‌లైన్స్ అని. రోడ్డుకి ఇటువైపు ఇంట్లో నల్లా నీళ్లకి చట్టం, అటువైపు ఇంట్లో నల్లా నీళ్లకి ఒక సలహా. (మన దగ్గర ఐఎస్ 10500 అనే తాగునీళ్ల ప్రమాణం కూడా నల్లా నీళ్ల మీద సలహా లాంటిదే, ఎవరూ పాటించకపోయినా అడిగే దిక్కు లేదు, అందుకే నాకు ఇది వింతగా ఏం అనిపించలేదు మొదట్లో.)

వింతగా అనిపించింది ఇంకోటి. విన్నిపెగ్‌లో చదువుకున్నప్పుడు నేను తాగిన నీళ్లు షోల్ లేక్ అనే సరస్సు నుంచి వస్తాయి, 1919లో పూర్తయిన కాలువ, 150 కిలోమీటర్ల పైన. ఆ సరస్సు ఒడ్డున ఉన్న షోల్ లేక్ 40 అనే ఊరిని ఆ కాలువ పని కోసమే తవ్విపారేసి దీవి చేసేశారు, 2019 దాకా రోడ్డు లేదు. ఊరి ముందు నుంచి నగరానికి నీళ్లు పోతూనే ఉన్నాయి, ఆ ఊర్లో మాత్రం 1997 నుంచి 2021 దాకా, ఇరవై నాలుగేళ్లు, నీళ్లు కాచుకుని తాగండి అని నోటీసు. ఇది నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఉగాది ఫంక్షన్‌లో మా వాళ్లకి చెప్తే పులిహోర ప్లేటు పట్టుకుని "నిజమా?" అన్నారు, తర్వాత టాపిక్ ఇళ్ల రేట్ల మీదకి పోయింది. నేను కూడా అప్పుడు అంతకంటే ఎక్కువేం పట్టించుకోలేదు, నిజం చెప్పాలంటే.

చట్టం తేవాలని కేంద్రం ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించింది. 2013లో ఫస్ట్ నేషన్స్, అంటే ఇక్కడి ఆదివాసీ సమూహాల కోసం సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్ట్ అని ఒకటి పాస్ చేశారు, ఆ ఏడాది నవంబర్ నుంచి అమల్లోకి కూడా వచ్చింది. తొమ్మిదేళ్లలో దాని కింద ఒక్క రెగ్యులేషన్ కూడా రాయలేదు. అసలు ఆ చట్టాన్ని ఊర్ల వాళ్లే ఒప్పుకోలేదు, ఎందుకంటే అందులో డబ్బు గురించి ఏం లేదు, బాధ్యత మాత్రం ఊరి నెత్తిన పెట్టొచ్చు అని ఉంది, అవసరమైతే ఆదివాసీలు ప్రభుత్వంతో ఎప్పుడో చేసుకున్న ఒప్పందాల (ట్రీటీల) హక్కుల్ని కూడా పక్కన పెట్టొచ్చు అని ఉంది. 2006లోనే ప్రభుత్వం వేసిన నిపుణుల ప్యానెల్ ముందు వనరుల కొరత తీర్చండి, రూల్స్ తర్వాత అని రాసిచ్చింది. 2011 సర్వేలో 807 నీళ్ల వ్యవస్థలు చూస్తే 39 శాతం హై రిస్క్ అని తేలింది. అన్నీ తెలిసి కూడా రూలే ముందు తెచ్చారు.

ఆ తర్వాత నెస్కాంటాగా, కర్వ్ లేక్, టటాస్క్వేయాక్ అనే మూడు ఊర్లు కోర్టుకి పోయాయి. నెస్కాంటాగాలో కాచుకుని తాగమనే నోటీసు 1995 ఫిబ్రవరిలో పెట్టారు, ఆ ఏడు పుట్టిన పిల్లలకి ముప్పై ఏళ్లు దాటాయి ఇప్పుడు. 2021 చివర్లో 800 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌ని కోర్టు ఆమోదించింది. అందులో పాత చట్టాన్ని తీసేసి కొత్తది తేవాలని కూడా షరతు. 2022 జూన్‌లో పాతది రద్దయింది. 2023లో కొత్త చట్టం డ్రాఫ్ట్ బయటపెట్టి ఊర్ల అభిప్రాయం అడగడం మొదలుపెట్టారు. నేను ఇందులోకి వచ్చింది అక్కడే. ఉత్తరాన కొన్ని ఊర్లకి కలిపి టెక్నికల్ సాయం చేసే ఒక సంస్థ మా కంపెనీని అడిగింది, డ్రాఫ్ట్ చదివి ఊర్లకి అర్థమయ్యేట్టు చెప్పి, వాళ్ల మాట రాసుకుని వెనక్కి పంపడానికి ఒక మనిషి కావాలని. మా ఆఫీసులో చిన్న విమానం అంటే భయపడనివాడు నేనొక్కడినే అనుకుంటా, పంపించేశారు. (భయపడతా. మొదటి ట్రిప్‌లో పైలట్ రెక్కల మీద మంచు గీకుతుంటే చూసి హనుమాన్ చాలీసా మొదలుపెట్టా.)

ఊరి పేరు చెప్పను. థండర్ బేకి చాలా ఉత్తరాన, ట్రీటీ 9 అనే ఒప్పందం కిందకి వచ్చే ప్రాంతంలో, నాలుగు వందల మంది ఉంటారేమో. ఎండాకాలం విమానమే దారి, చలికాలం సరస్సులు గడ్డకట్టాక మంచు రోడ్డు పడుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఉంటే ఉన్నట్టు, ఈ మధ్య అది కూడా సరిగ్గా నిలవట్లేదు. సిమెంటు, పైపులు, డీజిల్, ఫిల్టర్ ఇసుక, బరువైనవన్నీ ఆ రెండు నెలల్లోనే లారీల్లో రావాలి. ఆ గడువు తప్పితే మళ్లీ ఏడాది.

మొదటి మీటింగ్ స్కూలు జిమ్‌లో. నేను నలభై రెండు స్లైడ్ల పీపీటీ తీసుకుపోయా. వాకర్టన్, మల్టిపుల్ బారియర్, రిస్క్ అసెస్‌మెంట్, రంగురంగుల బాణాలు. మూడో స్లైడ్ దగ్గర దుబాసీగా కూర్చున్నావిడ చెయ్యి ఎత్తింది. "రెగ్యులేషన్ అనే మాటకి మా భాషలో నేనేమని చెప్తున్నానో నీకు తెలుసా" అని అడిగింది. తెలీదన్నా. "బయటివాళ్లు మనల్ని చేయమని చెప్పిన పనులు అని చెప్తున్నా, ఇంతకంటే దగ్గరి మాట దొరకట్లేదు" అంది. జిమ్ అంతా నవ్వింది, నేను కూడా నవ్వా కానీ మొహం వేడెక్కిపోయింది. ఆ రోజు పదకొండో స్లైడ్ దాకా కూడా పోలేదు. సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేసి టీ, బానక్ రొట్టె తింటూ కూర్చుంటే అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టారు, అసలు మీటింగ్ అదే.

మర్నాడు ప్లాంట్‌కి పోయా. బయట మైనస్ ముప్పై నాలుగు. ప్లాంట్ అంటే రేకుల షెడ్డు లాంటి ఒక బిల్డింగు, లోపల క్లోరిన్ వాసన, పంపుల హోరు, మూలన హీటర్. ఆపరేటర్ నలభైల్లో ఉంటాడు, మాట తక్కువ. నేను పోయేసరికి పొద్దుటి పరీక్ష చేస్తున్నాడు. చిన్న గాజు సీసాలో పది మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పట్టి, బయట తడి లేకుండా చొక్కా అంచుతో తుడిచి, మీటర్‌లో పెట్టి సున్నా చేశాడు. తర్వాత క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెప్పించే డీపీడీ పౌడర్ ప్యాకెట్‌ని మోకాలి మీద రెండుసార్లు కొట్టి మూల చించి సీసాలో వంచి మూతపెట్టి ఊపాడు. లేత గులాబీ రంగు. చలికి వేళ్లు వంకర్లు పోతున్నా ఒక్క గింజ కూడా బయట పడలేదు. మీటర్ మీద 0.58 అని వచ్చింది, పైపుల చివర్లో కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి లీటరుకి, ప్లాంట్ దగ్గర ఇంత ఉంటేనే చివరింటి దాకా అంత మిగులుతుంది. లాగ్ పుస్తకంలో టైము, నంబరు, సంతకం. పుస్తకం వెనక్కి తిప్పి చూశా. ప్రతి పేజీలో అదే సంతకం. ఆదివారాలు కూడా. క్రిస్మస్ రోజు కూడా.

"బ్యాకప్ ఆపరేటర్ ఎవరు?" అని అడిగా. "ఉండేవాడు, డ్రైడెన్ దగ్గర టౌన్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది, పోయాడు, అక్కడ జీతం ఎక్కువ" అన్నాడు. ఇది ఒక్క ఊరి కథ కాదు. 2021లో ఆడిటర్ జనరల్ రిపోర్ట్‌లో కూడా ఉంది, రిజర్వుల్లో ఆపరేటర్ల జీతం బయటివాళ్ల కంటే 30 శాతం తక్కువ అని. ట్రైనింగ్ ఇచ్చి లైసెన్సు పరీక్ష పాస్ చేయిస్తాం, పాస్ అవ్వగానే పక్క టౌను ఎగరేసుకుపోతుంది.

నేను డ్రాఫ్ట్ తీసి ఆయనకి చదివి వినిపించడం మొదలుపెట్టా, ప్రమాణాలు పాటించాలి, రికార్డులు ఉంచాలి, అతిక్రమిస్తే ఏం జరగాలో రెగ్యులేషన్స్‌లో పెడతారు, అలా. చివరిదాకా వినలేదు. క్లోరిన్ పంపు వైపు చెయ్యి చూపించాడు. రెండుంటాయి మామూలుగా, ఒకటి నడుస్తుంటే ఇంకోటి స్పేరు. స్పేరు దాని చోటే ఖాళీ, నాలుగు బోల్టులు, ఒక పైపు ముక్క. "అది పోయి ఏడు నెలలైంది. మూడు ఉత్తరాలు రాశా. ఇది కూడా రేపు రాత్రి పోయిందనుకో, పొద్దున నీళ్లలో క్లోరిన్ సున్నా. నువ్వు చదివిన దాంట్లో తప్పు ఎవరిది? ఈ పుస్తకంలో సంతకం ఎవరిది?"

నా దగ్గర జవాబు లేదు. థండర్ బేలో ఏసీ రూములో ఆ డ్రాఫ్ట్ ఐదుసార్లు చదివా, రంగు పెన్నులతో గీతలు గీశా, ఈ ప్రశ్న తట్టలేదు. వాకర్టన్ కథ నేను చెప్పుకునేది ఎప్పుడూ ఇంజనీర్ వైపు నుంచే, ఆపరేటర్లు లాగ్ పుస్తకంలో దొంగ నంబర్లు రాశారు, అందుకే చట్టం వచ్చింది అని. ఇక్కడ ఒకడు నిజం నంబర్లు రాస్తూ, వాటి కిందే సంతకం పెట్టి ఇరుక్కుంటున్నాడు.

డబ్బు సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ప్లాంట్ ఊరిది, నడిపేది ఊరే, ఆపరేటర్‌కి జీతం ఇచ్చేది బ్యాండ్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది. కేంద్రం నడుపుడు ఖర్చు ఇస్తుంది. ఎంత ఇస్తుంది అంటే ఒక ఫార్ములా ఉంది, 1987లో తయారుచేసింది, ముప్పై ఏళ్ల పైన ముట్టుకోలేదు, అసలు ఖర్చుతో దానికి సంబంధం లేదు. ఆ ఫార్ములా చెప్పిన దాంట్లో కూడా 80 శాతమే ఇచ్చేవాళ్లు 2020 దాకా, మిగతా 20 ఊరే చూసుకోవాలి. నీటి పన్ను వేయడానికి నాలుగు వందల మందిలో ఉద్యోగాలున్నోళ్లు ఎంతమంది? ఆ తర్వాత వంద శాతం ఇస్తాం అన్నారు, మంచిదే, కానీ ఇరవై ఏళ్లు వాయిదా వేసిన రిపేర్లు వంద శాతంతో ఒక్క ఏడాదిలో తీరవు కదా, మన ఇళ్లలో అప్పు సంగతి తెలిసినోళ్లకి చెప్పక్కర్లేదు.

రెండో ట్రిప్ మే నెలలో, మంచు కరిగే టైము. ఆ వారం ప్లాంట్‌లో టర్బిడిటీ, అంటే నీళ్ల మసక, పైకి పోయింది, సరస్సు నీళ్లు టీ డికాక్షన్ రంగు. ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతాయి, ఆకులు నాచు కుళ్లిన పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహలోమీథేన్లు అనే హానికర పదార్థాలు తయారవుతాయి, గైడ్‌లైన్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము, వీళ్లకి మే, జూన్‌లో దాటుతుంది. క్లోరిన్ తగ్గిస్తే క్రిములు, పెంచితే ఇది. నేను కోయాగులెంట్, అంటే మురికిని గడ్డకట్టించే మందు, డోసు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నా. ఊర్లో అందరూ కోకుమ్ అని పిలిచే పెద్దావిడ ఉంది, కోకుమ్ అంటే అమ్మమ్మ, నాయనమ్మ అన్నట్టు. ఆమెని కలవాలంటే ముందు కొంచెం పొగాకు చేతిలో పెట్టి అడగాలని దుబాసీ నేర్పింది, మనం తాంబూలం ఇచ్చి పిలిచినట్టే. అక్కడ నీళ్ల పెద్దరికం ఆడవాళ్లది. అనిషినాబే అనే ఆదివాసీ జాతి ఆడవాళ్లు నీళ్ల కోసం సరస్సుల చుట్టూ నడిచారు కూడా, 2003లో జోసెఫిన్ మండమిన్ అనే పెద్దావిడ సుపీరియర్ సరస్సు చుట్టూ రాగి బిందెతో నీళ్లు మోస్తూ మొత్తం నడిచింది. రాగి బిందె అనగానే నాకు ఇంట్లో పూజగది గుర్తొచ్చింది.

కోకుమ్ నన్ను ఒడ్డుకి తీసుకుపోయి ప్లాంట్ ఇన్‌టేక్ పైపు, అంటే సరస్సు నీళ్లు లాగే పైపు, ఉన్న వైపు చూపించి ఏదో అని నవ్వింది. దుబాసీ చెప్పింది: "ఆ మూలకి బురద వాగు దిగుతుంది, ఎండాకాలం మొదట్లో. మా అమ్మ ఎప్పుడూ అక్కడ ముంచేది కాదు, అటు కొన దాటి అవతల ముంచేది. పైపు వేసినోళ్లు మమ్మల్ని అడగలేదు." అవతలి నీళ్ల శాంపిల్ తీసుకుని పోయి చూస్తే, అదే వారంలో, రంగు సగం కూడా లేదు. ఇన్‌టేక్ మార్చాలంటే పైపు ఎనిమిది వందల మీటర్లు పొడిగించాలి, అది ఇంకో డబ్బు గొడవ, ఇప్పటికీ అవ్వలేదు. కానీ ఇరవై ఏళ్ల కింద డ్రాయింగ్ వేసే ముందు ఎవరైనా ఒక్క పొద్దు ఆమెతో ఒడ్డున నడిచుంటే... నేను డిజైన్ చేసిన వేరే ఊర్ల ఇన్‌టేక్‌లు ఎన్నిటికి ఎవర్ని అడిగానో లెక్కేసుకున్నా ఆ రాత్రి. ఎవర్నీ అడగలేదు, బాతిమెట్రీ సర్వే, అంటే సరస్సు లోతుల కొలతలు, చూశా అంతే.

మా రిపోర్ట్ పంపించాం. ఆపరేటర్ మీద శిక్ష కాదు, డబ్బు ఇచ్చేవాడి మీద గడువు పెట్టండి అని, సరస్సు పైభాగం రిజర్వులో లేదు, ప్రావిన్స్ భూమి, అక్కడ చెట్లు కొట్టినా గని తవ్వినా మా మాట చెప్పే హక్కు కావాలి అని, పెద్దవి ఆ రెండూ. 2023 డిసెంబర్ 11న సీ-61 అనే బిల్లు పార్లమెంటులో పెట్టారు. పాత చట్టం కంటే చాలా నయం, అది ఒప్పుకోవాలి. రిజర్వు నీళ్ల మీద ఊరికే స్వపరిపాలన హక్కు ఉందని రాశారు, నాణ్యతకి కేంద్రం గైడ్‌లైన్స్ కావాలా ప్రావిన్స్ ప్రమాణాలు కావాలా ఊరే ఎంచుకోవచ్చు, రెగ్యులేషన్స్ రాయాలంటే ఊర్లతో కూర్చుని రాయాలి. కానీ డబ్బు దగ్గరికి వచ్చేసరికి మన తెలుగులో చెప్పాలంటే శాయశక్తులా ప్రయత్నిస్తాం లాంటి మాట. ఆపరేటర్‌కి అది ఫోన్‌లో చదివితే "నేను కూడా పంపుని శాయశక్తులా నడుపుతా అని రాసివ్వనా" అన్నాడు. సరస్సు పైభాగం సంగతి ప్రావిన్స్‌తో మాట్లాడుకున్నాక చూద్దాం అన్నట్టు వదిలేశారు. పశ్చిమాన ట్రీటీ 6, 7, 8 వాళ్లు అసలు మాతో సరిగ్గా సంప్రదించలేదని గట్టిగా ఎదురు తిరిగారు, ఇంకొంతమంది ఉన్నదైనా పాస్ కానివ్వండి అన్నారు, రెండువైపులా న్యాయం ఉంది. 2024లో కమిటీలో సాగింది, సవరణలు పడ్డాయి. నేను లైవ్ పెట్టుకుని ఆఫీసులో లంచ్ తింటూ చూసేవాణ్ణి.

2025 జనవరి 6న అప్పటి ప్రధాని ట్రూడో రాజీనామా చేస్తా అని ప్రకటించాడు, అదే రోజు పార్లమెంటు సెషన్ ముగించేశారు. సెషన్ ముగిస్తే పాస్ కాని ప్రభుత్వ బిల్లులన్నీ చచ్చిపోతాయి. సీ-61 కూడా. మళ్లీ తెస్తాం అన్నారు తర్వాత వచ్చినవాళ్లు. నేను ఆపరేటర్‌కి ఫోన్ చేసి చెప్తే "ఓకే" అన్నాడు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. "మంచు రోడ్డు ఇంకా పడలేదు, ఆ సంగతి ఏదైనా తెలిస్తే చెప్పు" అన్నాడు.

ఫిబ్రవరిలో కౌన్సిల్ వాళ్లే పిలిచారు. వాళ్ల చేతిలో ఉన్నదాంతోనే రాసుకుందాం అన్నారు. ఇండియన్ యాక్ట్ అని ఒక పాత వలస చట్టం ఉంది, దాన్ని వాళ్లెవరూ ప్రేమించరు, కానీ అందులో సెక్షన్ 81 కింద బావులు, తొట్లు, రిజర్వాయర్లు, ఇతర నీటి సరఫరాల మీద బ్యాండ్ కౌన్సిల్ బైలా, అంటే ఊరి సొంత రూలు, చేసుకోవచ్చు. 2014 దాకా కేంద్ర మంత్రికి దాన్ని కొట్టేసే అధికారం ఉండేది, తర్వాత తీసేశారు. తప్పు చేస్తే పడేది మహా అయితే వెయ్యి డాలర్ల జరిమానా, ముప్పై రోజుల జైలు. పెద్ద కోరలేం కాదు. కౌన్సిల్‌లో ఒకాయన "మా తాతల్ని కట్టడి చేయడానికి రాసిన పుస్తకంతో మేం మా నీళ్లని కాపాడుకోవాలా" అన్నాడు, ఇంకొకావిడ "కత్తి ఎవరిదైతే ఏంటి, చేప కొయ్యాలి" అంది. చేపే గెలిచింది.

నాలుగు మీటింగుల్లో రాశాం. లాయర్ ఒకావిడ ఆన్‌లైన్‌లో, నేను టైపిస్టుని. ఎక్కువ టైము పట్టింది నేను అనుకున్న చోట కాదు. క్లోరిన్, టర్బిడిటీ, శాంపిళ్ల సంగతి గంటలో అయిపోయింది, గైడ్‌లైన్స్ ప్రకారం అని రాసేశాం. స్నోమొబైళ్ల దగ్గర ఒక పూట పోయింది. మంచు రోడ్డు సరిగ్గా ఇన్‌టేక్ పైనుంచి పోతుంది, అక్కడే ఆగి బండ్లలో పెట్రోలు పోసుకుంటారు, ఒలికింది మంచు మీద ఉండి ఏప్రిల్‌లో నేరుగా పైపులోకి. రోడ్డు పక్కకి జరపాలంటే చేపల వలల చోటు అడ్డం, ఆ వలలు ఫలానా కుటుంబం వాళ్లవి తరతరాలుగా. చివరికి రోడ్డు జరగలేదు, జెండా కర్రలు పాతి ఆ మధ్యలో ఆగొద్దు, పెట్రోలు పోయొద్దు, చేపలు శుభ్రం చేయొద్దు అని రాశాం. లారీ నీళ్లు పోసే ఇళ్ల సిస్టర్న్‌ల దగ్గర ఇంకో పూట. పైపు లేని ఇళ్లు పద్దెనిమిది ఉన్నాయి, భూమిలో తొట్టి, అందులో ప్లాంట్ నీళ్లు పోస్తారు, ప్లాంట్‌లో ఎంత బాగున్నా తొట్టి మూత పగిలితే అయిపోయింది. ఎలుక పడ్డ తొట్టి ఒకటి నేనే చూశా. అది కడిగే బాధ్యత ఇంటివాళ్లదా కౌన్సిల్‌దా? ముసలివాళ్లు దిగి ఎలా కడుగుతారు? ఏడాదికి రెండుసార్లు కౌన్సిలే కడిగించాలి అని రాశాం, దానికి డబ్బు లైను బడ్జెట్‌లో చూపించాకే ఆ వాక్యం ఉంచారు. డబ్బు చూపించలేని వాక్యాలు తొమ్మిది కొట్టేశాం. అందులో ఐదు నావే, నాకు చాలా ఇష్టమైనవి.

కాచుకోమని నోటీసు పెట్టేది ఎవరు అనేది మాత్రం మార్చలేదు, ఎప్పట్లాగే హెల్త్ ఆఫీసర్ సలహా ఇస్తాడు, ఛీఫ్, కౌన్సిల్ ప్రకటిస్తారు. కానీ ఆపరేటర్‌కి ఒకటి కొత్తగా వచ్చింది. పనిచేయని సామాను గురించి ఆయన ఒక కాగితం రాస్తే, కౌన్సిల్‌లో నీళ్ల బాధ్యత ఉన్న మనిషి మూడు రోజుల్లో దాని మీద సంతకం పెట్టాలి, తెప్పిస్తున్నాం అనైనా, డబ్బు లేదు అనైనా, ఏదో ఒకటి రాసి. డబ్బు లేదు అంటే అదే కాగితం కేంద్రం ఆఫీసుకి పోవాలి, నకలు ప్లాంట్ గోడ మీద. మూడు రోజుల్లో సంతకం లేకపోతే ఆ సామాను వల్ల జరిగిన దానికి ఆపరేటర్ మీద ఈ బైలా కింద చర్య ఉండదు. లాయర్ దీన్ని నాలుగు రకాలుగా తిరగరాసింది. ఆపరేటర్ మీటింగులన్నిటికీ వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు, ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఈ పేరా చదివినప్పుడు మాత్రం ముందుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

బైలా పదకొండు పేజీలు. కోకుమ్ కోరిక మీద మొదటి పేజీలో వాళ్ల భాషలో నాలుగు లైన్లు ఉన్నాయి, అందులో నాకు అర్థమయ్యేది నిబి అనే మాటొక్కటే, నీళ్లు. రెగ్యులేషన్ అనే మాటకి దుబాసీ ఈసారి వేరే మాట వాడిందట. ఏం మాట అని అడిగితే "మనం ఒకరికొకరు ఇచ్చుకున్న మాట అన్నట్టు" అంది, అని మళ్లీ "సగం మంది ఓటు వేయలేదు, చూద్దాం" అని కూడా అంది.

జూన్‌లో పాస్ అయింది. సెప్టెంబర్‌లో ఆపరేటర్ నుంచి వాట్సాప్‌లో ఫోటో ఒకటి వచ్చింది, మెసేజ్ ఏం లేదు. చేత్తో రాసిన కాగితం, పైన ఆయన సంతకం, క్లోరిన్ పంపు నంబర్ రెండు, పనిచేయట్లేదు. కింద వేరే ఇంకుతో కౌన్సిల్ సంతకం, తారీఖు రెండో రోజుది, "ఆర్డర్ పెట్టాం" అని. వెనకాల గోడ మీద పాత పంపు చోట ఆ నాలుగు బోల్టులు ఇంకా అలాగే కనపడుతున్నాయి. పంపు పదిహేడు రోజులకి విమానంలో వచ్చిందట. రెండో ఆపరేటర్ మాత్రం ఇంకా దొరకలేదు.